పురిటింట్లో ఎవరి పని వాళ్లకి

కాన్పయిన ఇంటికి వెళ్తే బిడ్డ చుట్టూ జనం ఉంటారు. ముక్కు తండ్రిదనీ, నుదురు మేనత్తదనీ, రంగు ఇంకా తేలాలనీ మాటలు నడుస్తుంటాయి. బాలింత ఆ పక్క మంచం మీదే గోడవైపు తిరిగి పడుకుని ఉంటుంది. పొద్దున్నుంచి ఆమె ఏం తిన్నదో, రాత్రి ఎంతసేపు కన్ను మూసిందో అడిగితే ఆ జనంలో ఒక్కరూ వెంటనే చెప్పలేరు. ఆశా కార్యకర్తగా నా పని బిడ్డ బరువు చూడడం, ఒళ్లు వేడి చూడడం, ఊపిరి లెక్కపెట్టడం, తల్లి కుట్లు, రక్తస్రావం సంగతి కనుక్కోవడం. వాటికి ఎంతోసేపు పట్టదు. మిగతా సమయమంతా ఆ ఇంట్లో ఉన్న చేతులకి పని పంచడానికే పోతుంది. పంపకం కుదిరిన ఇంట్లో తల్లి తేరుకుంటుంది, బిడ్డ బరువు ఎక్కుతుంది. కుదరని ఇంట్లో అన్నీ ఉండి కూడా ఇద్దరూ నీరసిస్తారు.

మాది పల్నాడులో మిరప పండే ఊరు. నేను ఈ ఊరి కోడల్ని. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశాలు వచ్చారు. సుమారు వెయ్యి మంది జనాభాకి ఒకరు, అదే ఊళ్లో కాపురం ఉంటున్న ఆడమనిషి అయ్యుండాలని పద్ధతి పెట్టారు. పెట్టినవాళ్లకి ఊళ్ల సంగతి బాగా తెలుసు. పురిటింటి గుమ్మం దాకా ఎవరైనా రావచ్చు. లోపలికెళ్లి మంచం అంచున కూర్చోవాలంటే మాత్రం వరస కలవాలి. నేను ఒకరికి పిన్నిని, ఒకరికి వదినని, ముసలమ్మలకి ఫలానావాళ్ల కోడల్ని. తూకం సంచీ కంటే ముందు ఆ వరసే నన్ను లోపలికి తీసుకెళ్తుంది.

ఆసుపత్రిలో కాన్పయితే మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో వెళ్లాలి. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా. ఈ రాకపోకల వెనక గడ్చిరోలి ఉంది. తెలంగాణ సరిహద్దు దాటగానే మహారాష్ట్రలో వచ్చే అడవి జిల్లా అది. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు ఊళ్లో ఆడవాళ్లకే పని నేర్పి, పసిపిల్లల్ని ఇళ్ల దగ్గరే కనిపెట్టుకునే ఏర్పాటు చేశారు. మూడో ఏడాదికి నెలలోపు పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో ఆ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. 2011లో కేంద్రం ఆ ఏర్పాటును ఆశాల చేతుల మీదుగా దేశమంతా మొదలుపెట్టింది. శిక్షణలో ఈ సంగతి విన్నప్పుడు నాకు చాలా ధైర్యం వచ్చింది. పెద్ద చదువులు లేని ఆడవాళ్లు, ఒక గడియారం, ఒక తూకం, ఒక థర్మామీటరు, ఇంట్లోవాళ్ల సాయం ఉంటే అన్ని ప్రాణాలు నిలిచాయి కదా అని.

పంపకం నేను ఎనిమిదో నెలలోనే మొదలుపెడతాను. సీమంతానికి గాజులు ఎవరు తెస్తారో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆసుపత్రిలో రాత్రి పక్కన ఎవరు ఉంటారంటే మాత్రం ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. తొలి కాన్పు పుట్టింట్లో కాబట్టి అమ్మ ఉంటుందని అందరి ధీమా. ఆ అమ్మకి మోకాళ్ల నొప్పులుండొచ్చు, కోత రోజులు కావచ్చు, ఇంట్లో మంచాన పడ్డ అత్త ఉండొచ్చు. అందుకే ఒక్కొక్కటే అడుగుతాను. రక్తం కావాల్సివస్తే ఇచ్చేదెవరు? ఆసుపత్రిలో ఉండేదెవరు? ఇక్కడ గేదెల్ని చూసేదెవరు? ఇంటికొచ్చాక బట్టలు ఉతికేదెవరు, వంట ఎవరిది, రాత్రి లేచేదెవరు? పేర్లు చెప్పించుకుని నా డైరీలో రాసుకుంటాను. పేరు పుస్తకంలోకి ఎక్కితే మనిషి తప్పించుకోడు. మేనమామ పేరు, చిన్నాన్న పేరు, ఎదురింటి పిల్ల పేరు కూడా ఉంటాయి అందులో.

ఆపరేషన్లు ఇప్పుడు బాగా పెరిగాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో వంద కాన్పుల్లో 42 దాకా ఆపరేషన్లే. ఆపరేషనయిన తల్లి తనంతట తాను పక్కకి తిరగలేదు, బిడ్డను ఎత్తుకోలేదు. ముర్రుపాలు మొదటి గంటలోనే బిడ్డ నోట్లో పడాలని మేం ఎంత చెప్పినా, ఆ గంటలో బిడ్డను తీసుకొచ్చి తల్లి రొమ్ముకి ఆనించే చెయ్యి ఒకటి కావాలి. ఆ చెయ్యి లేనప్పుడే పంచదార నీళ్లు, తేనె చుక్క, డబ్బా పాలు వస్తాయి. అందుకే ఆసుపత్రికి వెళ్లే మనిషికి నేను ఇంట్లోనే బొమ్మతో చూపిస్తాను. తల్లి పక్కకి ఒరిగి పడుకుంటే బిడ్డను ఎలా ఆనించాలి, నోరు పెద్దగా తెరిచేదాకా ఎలా ఆగాలి, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లభాగం కూడా ఎలా అందించాలి అని. అమ్మమ్మలు ఒక్కసారికే పట్టేస్తారు. వాళ్ల చేతులకి పిల్లల్ని పట్టుకోవడం కొత్త కాదు కదా.

ఈ అమ్మమ్మల గురించి నేను కొంచెం ఎక్కువే చెప్పాలి. ముసలివాళ్లంటే మూఢనమ్మకాలనీ, వాళ్లని పక్కన పెడితే తప్ప పిల్లలు బాగుపడరనీ మా మీటింగుల్లో అప్పుడప్పుడూ వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. నీళ్లు పోసేటప్పుడు వాళ్లని దగ్గర కూర్చుని చూసినవాళ్లెవరూ ఒప్పుకోరు. అమ్మమ్మ పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల పైకి దోపుకుని, రెండు కాళ్లూ చాచి, ఆ కాళ్ల మధ్య పల్లంలో బిడ్డను బోర్లా వేసుకుంటుంది. ముందు నీళ్లు తన మోచేతి మీద పోసుకుని చూస్తుంది. చెంబు ఎంత ఎత్తు నుంచి వంపాలో, ధార ఎక్కడ ఆపాలో ఆమెకి తెలుసు. వీపు మీద అరచెయ్యి నడిపే తీరులో కంగారు ఉండదు. బిడ్డ ఏడుపు ఆపి కళ్లు మూసుకుంటుంది. అంత నమ్మకమైన చెయ్యి ఆ ఇంట్లో ఇంకొకటి లేదు. నూనె మర్దనా, ఒళ్లంతా పొడిగా తుడిచి పొత్తిగుడ్డలో చుట్టడం, వెంటనే తల్లి పక్కన వెయ్యడం, ఇవన్నీ మేం చెప్పే మాటలే. వాళ్లు మాకంటే ముందు నుంచీ చేస్తున్నారు.

ఆపమని అడిగేవి కొన్నే ఉన్నాయి. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వెయ్యొద్దు. ముక్కులోకి నోటితో ఊదొద్దు. చంటిపిల్లల రొమ్ములు కాస్త ఉబ్బితే పాలు పిండొద్దు, అవి వాటంతట అవే తగ్గుతాయి, పిండితే చీము పడుతుంది. బొడ్డు మీద పసుపు, బూడిద, పౌడరు ఏదీ వద్దు. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడిస్తే చాలు, మరీ తక్కువ బరువు పిల్లలకి నీళ్లు పోయడం ఇంకా వెనక్కి జరపాలి. సాంబ్రాణి పొగ తల్లి జుట్టు ఆరబెట్టడానికైతే బిడ్డను వేరే గదిలో ఉంచి వేసుకోమంటాను. ఇవన్నీ ఒకేసారి చెప్పను. బిడ్డ నీళ్లు పోయించుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని, "అత్తా, ఆ ముక్కులో చుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తదంట, డాక్టరమ్మ చెప్పింది" అంటాను. "మా పిల్లలందరికీ వేశానే!" అంటుంది. "నువ్వు వేశావు, నీ చెయ్యి మంచిది. రేపు నిన్ను చూసి నేర్చుకున్నవాళ్ల చెయ్యి అట్లా ఉండదు కదా" అంటాను. చాలాసార్లు నూనె గిన్నె పక్కకి జరుగుతుంది. జరగకపోతే మళ్లీ ఏడో రోజు అడుగుతాను.

పథ్యం దగ్గర మాత్రం నాకు పట్టుదల ఎక్కువ. కాయం ముద్ద, సొంఠి పొడి, వెల్లుల్లి కారం, మునగాకు, మెంతులు, దొరికితే పాలసొర పులుసు. బాలింత కోసం ఇంత శ్రద్ధగా వండే ఇల్లు చూస్తే నాకు సంతోషం. వద్దన్న జాబితా చూస్తేనే భయం. పప్పు తింటే కుట్లు చీము పడతాయని పప్పు ఆపేస్తారు. నీళ్లు తాగితే పొట్ట వస్తుందని గ్లాసు కొలిచి ఇస్తారు. పచ్చి ఒళ్లని పెరుగు, పండ్లు ఇవ్వరు. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ తిండి, ఎక్కువ నీళ్లు కావాలి. పుండు మానాలన్నా పప్పు, గుడ్డు, పాలే మందు. "పప్పు తింటే చీము పడేదైతే ఆసుపత్రిలో మూడో పూట పప్పన్నం ఎందుకు పెడతారు పిన్నీ?" అని అడిగితే ఆలోచనలో పడతారు. నేను పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. వద్దన్నవాటిని ఒక్కరోజులో అన్నీ పెట్టించాలని చూడను. ముందు నీళ్లు. బిడ్డకి పాలిచ్చే ప్రతిసారీ తల్లి చేతికి ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లు అందించాలి. ఈ పని ఇంట్లో పదేళ్ల పిల్లకో పిల్లాడికో అప్పగిస్తాను. పిల్లలకి ఇలాంటి పనంటే మహా ఇష్టం. "అక్కా, పాలిస్తున్నావా, ఉండు నీళ్లు తెస్తా" అని పరిగెత్తుతారు. పెద్దవాళ్లు కొలిచి ఇచ్చే గ్లాసు అట్లా మాయమైపోతుంది. తర్వాత వారం పప్పు, గుడ్డు సంగతి. అంగన్‌వాడీ నుంచి వచ్చే గుడ్లు, పాలు బాలింతకే చేరుతున్నాయా అని కూడా చూస్తాను. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర కాన్పు తర్వాత ఆరు నెలలు వేసుకోవాలి, రెండూ ఒకే పూట వేసుకోకూడదు. ఈ లెక్క గుర్తుపెట్టుకునే బాధ్యత తల్లికి పెట్టను, ఆమెకి నిద్రలేని మెదడు. చెల్లెలికో తమ్ముడికో అప్పజెపుతాను.

అల్లుడి సంగతి వేరు. ఆదివారం వస్తాడు, వసారాలో కుర్చీ వేస్తారు, టిఫిను పెడతారు, కాఫీ ఇస్తారు. బిడ్డను తీసుకొచ్చి చూపిస్తారు. ఓ నిమిషం చూసి ఫొటో తీసుకుని ఇచ్చేస్తాడు. సాయంత్రం బస్సెక్కుతాడు. అతనికి ప్రేమ లేకపోలేదు. ఆ ఇంట్లో అతనికి మర్యాద ఉంది గానీ పని లేదు. ఒక ఇంట్లో అత్తగారు గుమ్మంలో అడ్డంగా నిలబడి, "పదకొండో రోజు పురుడు కడిగిందాకా అల్లుడుగారు లోపలికి రాకూడదమ్మాయ్" అన్నది. నేను ఆ మాట కాదనలేదు. "సరే పిన్నీ, మంచం వసారాలోకే తెద్దాం" అన్నాను. తూకం కొక్కేనికి ఖాళీ జోలె తగిలించి ముల్లు సున్నా దగ్గరకి తెచ్చాను. బిడ్డను జోలెలో వేసి నేను కర్ర ఎత్తి పట్టుకున్నాను. "బాబూ, నా చేతులు ఖాళీ లేవు, ముల్లు ఎక్కడుందో నువ్వే చూసి చెప్పాలి" అన్నాను. అతను కుర్చీలోంచి లేచి, వంగి, కళ్లు చిట్లించి చూసి, "రెండు కిలోల ఏడొందలు" అన్నాడు. ఆసుపత్రిలో రెండు ఎనిమిదొందల యాభై అని కార్డులో ఉంది. తగ్గిందేమని గాబరాపడ్డాడు. పుట్టిన మొదటి రోజుల్లో పిల్లలందరూ కొంచెం తగ్గుతారనీ, పదో వంతు దాకా తగ్గినా ఫరవాలేదనీ, రెండు వారాలకి పుట్టిన బరువుకి తిరిగొస్తారనీ, ఆ తర్వాత రోజుకి ఇరవై ముప్పై గ్రాములు పెరుగుతూ పోవాలనీ చెప్పాను. ఫోనులో రాసుకున్నాడు. వారం మధ్యలో నాకు ఫోన్ చేసి, "అక్కా, ఈసారి తూకం ఎప్పుడు?" అని అడిగాడు. ఏడో రోజుకి సెలవు పెట్టి వచ్చాడు. వాళ్లావిడ పాలిచ్చాక బిడ్డను భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరడం అతని పని అయింది. అత్తగారు అప్పటికి ఏమీ అనలేదు.

పుట్టిన తేదీ నమోదు కూడా తండ్రి చేత చేయిస్తాను. ఇరవై ఒక్క రోజుల లోపు ఉచితం. అప్పటికి పేరు ఖాయం కాకపోయినా నమోదు చేయించొచ్చు, ఏడాదిలోపు పేరు చేర్పించుకోవచ్చు. బారసాల కూడా చాలా ఇళ్లలో ఇరవై ఒకటో రోజే కాబట్టి, ఊయలకి పూలు కట్టే హడావిడిలో ఈ కాగితం మర్చిపోతారు. అందుకే పద్నాలుగో రోజునే గుర్తు చేస్తాను.

చుట్టాల విషయంలో నేను పురుడు పాటించే రోజుల పక్షమే. పది పదకొండు రోజులు బయటివాళ్లు గదిలోకి రాకూడదన్న పాత కట్టు, తల్లిని అంటరానిదిగా చూడడానికి వాడితే నాకు కోపం వస్తుంది. బిడ్డను జలుబు దగ్గుల నుంచి కాపాడడానికి వాడితే అంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఇప్పుడు ఆ కట్టు సడలింది. ఆసుపత్రి మంచం దగ్గరే పదిమంది మూగుతారు, ముద్దులు పెడతారు, వీడియో కాల్‌లో బిడ్డను లేపి చూపిస్తారు. నేను గుమ్మం దగ్గర ఒక బకెట్ నీళ్లు, సబ్బు పెట్టించి, అవి వాడనిదే లోపలికి రావొద్దని ముసలాయన్ని కాపలా కూర్చోబెడతాను. తాతలకి ఆ ఉద్యోగం బాగా నప్పుతుంది. పెద్ద గొంతు, ఖాళీ సమయం రెండూ ఉంటాయి.

స్నేహితురాళ్లు వచ్చే ఇల్లు నాకు ఇష్టం. డిగ్రీ దాకా కలిసి చదువుకున్న పిల్ల ఒకతె మధ్యాహ్నం రెండింటికి వచ్చి నాలుగింటికి వెళ్లేది. స్వీట్లు, బొమ్మలు ఏమీ తెచ్చేది కాదు. వస్తూనే బాలింతను పడుకోమని, బిడ్డను తను తీసుకుని పక్కగదిలోకి వెళ్లేది. పాలకి ఏడిస్తే తెచ్చి ఇచ్చేది, లేకపోతే లేపేది కాదు. బాలింత ఆ రెండు గంటలు ఒళ్లెరగకుండా పడుకునేది. ఎందుకింత శ్రమ అని బాలింత తల్లి అడిగితే "మీ అమ్మాయి నాకు పరీక్షలకి నోట్సు రాసిచ్చిందిలే పెద్దమ్మా" అన్నది. రాత్రిపూట బిడ్డ రెండు మూడు గంటలకోసారి లేస్తుంది, రోజు మొత్తం మీద ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది. ఆ తల్లికి పగటి నిద్ర దొరక్కపోతే పాలు తగ్గినట్టు అనిపిస్తుంది, విసుగు వస్తుంది, డబ్బా పాల ఆలోచన వస్తుంది. ఏం బహుమతి తీసుకెళ్దామని ఎవరు అడిగినా నేను ఆ రెండు గంటల గురించే చెప్తాను.

జనవరి దాటితే మా ఊళ్లోకి మిరపకాయ కోతకి వలస కూలీలు వస్తారు. కర్నూలు పడమటి వైపు నుంచి, ఆదోని, కోసిగి, మంత్రాలయం మండలాల నుంచి కుటుంబాలతో దిగుతారు. చేల పక్కన పట్టాలు కట్టుకుని ఉంటారు. ఒక ఏడు కోసిగి వైపు అమ్మాయి ఒకతె నెలలు నిండకముందే నొప్పులొచ్చి ప్రభుత్వాసుపత్రిలో కన్నది. బిడ్డ రెండు కిలోల వంద. రెండున్నర కిలోల లోపుంటే తక్కువ బరువు కిందే లెక్క. తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి వాళ్లని చేని గట్టు దగ్గర దించి వెళ్లింది. అమ్మ లేదు, అత్త లేదు. వాళ్లు సొంతూళ్లో పెద్దపిల్లాడిని చూసుకుంటున్నారు. ఉన్నది మొగుడు, ముఠాలో ఆడవాళ్లు. అంతా కాయ కోస్తేనే కూలి వచ్చేవాళ్లు.

నేను వెళ్లేసరికి ఆ ఆడవాళ్లు అప్పటికే మాట్లాడుకుని ఉన్నారు. రోజుకి ఒకరు కోతకి పోకుండా బాలింత దగ్గర ఉండాలి, ఆ మనిషికి పోయిన కూలి మిగిలినవాళ్లు తలా కొంత వేసుకుని ఇవ్వాలి. ఎవరూ కాగితం రాయలేదు, ఎవరూ తగువు పడలేదు. ఒకామె జొన్నరొట్టె చేసిపెట్టింది, ఒకామె పట్టా చుట్టూ గాలి రాకుండా గోతాలు కట్టింది. నేను వాళ్లకి చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది. మిరపకాయ కోసిన చేతి ఘాటు మామూలు కడుగుడుకి పోదు. ఆ చేత్తో బిడ్డ మొహం తుడిస్తే కళ్లు మండిపోతాయి, తల్లి రొమ్ముకి తగిలితే బిడ్డ నోరు కాలిపోతుంది. ముందు నూనె రాసి బాగా రుద్దుకోవాలి, ఆ తర్వాత సబ్బుతో మోచేతుల దాకా కడగాలి, మళ్లీ ఇంకోసారి కడగాలి, కోత చీర మార్చుకోవాలి. వాళ్లకి ఆ మంట తెలియంది కాదు కాబట్టి మారుమాట లేకుండా చేశారు.

మాఘమాసం రాత్రులు, చేలో చలి. అంత చిన్న బిడ్డకి తన ఒంటి వేడి తను నిలుపుకునే శక్తి ఉండదు. తల్లి గుండెలకి ఆనించుకోవడమే మందు. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. కంగారూ సంరక్షణ అంటాం. తల్లి అలిసిపోయినప్పుడు తండ్రి కూడా చెయ్యొచ్చు. ఆ కుర్రాడికి చెప్పాను. బిడ్డకి టోపీ, మేజోళ్లు, చెడ్డీగుడ్డ ఉంచి మిగతా ఒళ్లు ఖాళీగా, అతని ఛాతీకి ఛాతీ ఆనేటట్టు నిలువుగా పెట్టి, తల ఒక పక్కకి తిప్పి ముక్కుకి గాలాడేలా చూసి, పైన తువ్వాలుతో కట్టాను. ఆ మీద చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు. మొదట కదలడానికే భయపడ్డాడు. కాసేపటికి తాటిచెట్టుకి వీపు ఆనించి కూర్చుని తోటివాళ్లతో మాట్లాడుతుంటే బిడ్డ తల మాత్రం చొక్కా సందులోంచి కనపడింది. చూసి ముఠాలో మగవాళ్లు కొందరు నవ్వారు. ముఠా మేస్త్రీ పెద్దాయన, "నవ్వేది ఏముందిరా, వాడి బిడ్డను వాడు మోస్తుండాడు" అని గద్దించాడు. ఆ రోజు నుంచి సందేళ చేనులోంచి రాగానే స్నానం చేసి బిడ్డను కట్టుకోవడం అతనికి అలవాటైంది. మూడో వారానికి బిడ్డ పుట్టిన బరువు దాటింది. సొంతవాళ్లు పదిమంది ఉన్న ఇళ్లలో కూడా ఇంత పొందికగా పని సాగడం నేను అరుదుగా చూశాను.

ఏడుపు సంగతి చాలామంది అడగరు. మూడో రోజో నాలుగో రోజో బాలింతకి కారణం లేకుండా ఏడుపు వస్తుంది. ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేకపోవడం, రొమ్ములు గట్టిపడి నొప్పి, అన్నీ కలుస్తాయి. "బంగారం లాంటి బిడ్డ పుడితే ఏడుస్తారా" అని మందలిస్తారు. ఏడవనిచ్చి పక్కన కూర్చోమని అమ్మకి చెప్తాను. ఇది రెండు వారాల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే, బిడ్డను ఎత్తుకోబుద్ధి కావడం లేదన్నా, బతకాలని లేదన్నా అది జబ్బు, దానికి వైద్యం ఉంది. మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకి చూపిస్తాం. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళనైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆడపిల్ల పుట్టిన ఇంట్లో, అందులోనూ రెండో ఆడపిల్ల పుట్టిన ఇంట్లో నేను ఒక్కో వారం రెండుసార్లు వెళ్తాను. "మళ్లీ ఆడపిల్లా" అన్న ఒక్క మాట తల్లి పాలు ఆరిపోయేంత పని చేస్తుంది. ఆ మాట అన్నవాళ్లని ఊరుకోను. వరసకి ఎవరైనా సరే, పెద్దవాళ్లైనా సరే, అక్కడికక్కడే ఆపేస్తాను. ఈ విషయంలో మెత్తగా ఉండడం నా వల్ల కాదు.

ఇప్పుడు మా ఊరి అమ్మలు అమెరికా కూడా వెళ్తున్నారు, కూతురికి పురుడు పోయడానికి. ముందు కొన్ని నెలలు అమ్మ, ఆమె తిరిగొచ్చాక అత్తగారు. వీసాలు అలా చూసుకుంటారు. డల్లాస్ వెళ్తున్న ఒకావిడ ప్రయాణానికి ముందు నా దగ్గరకి వచ్చి, "నీ పుస్తకంలో ఉన్నయ్యన్నీ నాకు చెప్పు, అక్కడ నిన్నెట్లా పిలిచేది" అంది. నిమిషానికి ఊపిరి ఎలా లెక్కపెట్టాలో నేర్పాను. అరవై, అంతకు మించి ఉంటే మళ్లీ ఒకసారి లెక్కపెట్టాలి, అప్పుడూ అంతే ఉంటే ఆగకూడదు. పాలు తాగడం మానేసినా, ఛాతీ లోపలికి పోతున్నా, ఒళ్లు చల్లబడినా, కాలినా, అరచేతులు అరికాళ్లు పసుపు పచ్చగా ఉన్నా వెంటనే ఆసుపత్రికే. ఆమె అక్కడ మనవడి పొట్ట ఎగసిపడడం వీడియో తీసి, గడియారం పక్కన పెట్టి మరీ పంపింది. నలభై ఎనిమిదే ఉంది, బిడ్డ హాయిగా నిద్రపోతున్నాడు. ఇక్కడ అర్ధరాత్రి, అక్కడ మిట్టమధ్యాహ్నం. బాలింత ఏం తిన్నదని అడిగాను. "పప్పే పెట్టానమ్మా" అంది వెంటనే.

ఈ పురిటి రాకపోకల్లో నలభై రెండో రోజుది ఆఖరిది. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి పడ్డాయా, ఆరో వారం టీకాలకి తేదీ రాశామా అని మాతా శిశు కార్డు చూస్తాను. తల్లితో బిడ్డల ఎడం గురించి, తనకి ఏ పద్ధతి కావాలో, ఎవరూ లేనప్పుడు మాట్లాడతాను. ఆ తర్వాత మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచిరోజు చూసి అత్తగారింటికి పంపుతారు. పుట్టింట్లో కుదిరిన పంపకం అక్కడికి వెళ్లగానే చెదిరిపోతుంది. ఇక్కడ మంచం మీదకి కంచం వచ్చిన పిల్ల అక్కడ పొయ్యి ముందు నిలబడుతుంది, బిడ్డ ఒక చంకన. అందుకని బయల్దేరే ముందురోజు వెళ్లి అత్తగారి ఊరు, వీధి, మామగారి పేరు రాసుకుంటాను. ఆ మండలం ఏఎన్ఎం నర్సమ్మ ద్వారా అక్కడి ఆశా నంబరు కనుక్కుంటాను. ఫోన్ చేసి, "అక్కా, మా పిల్ల ఒకతె రేపు మీ ఊరికి వస్తాంది. బిడ్డ ఇప్పుడు ఐదు కిలోల రెండొందలు, తల్లిపాలే. ఆరు నెలలు నిండిందాకా వేరే ఏమీ పెట్టొద్దని వాళ్ల అత్తకి నువ్వు చెప్పాలి. అబ్బాయి మంచోడు, తూకం చూడడం వచ్చు, వాడికి పని చెప్పు" అంటాను. ఆమె పేరు రాసుకుంటుంది. తర్వాత, తన ఊరి నుంచి మా ఊరికి కాన్పుకి వస్తున్న పిల్ల ఉంటే నన్ను రాసుకోమంటుంది. డైరీ తిప్పి కొత్త పేజీ మీద పేరు రాస్తాను, కింద మొదటి ప్రశ్న వేస్తాను: రాత్రి పక్కన ఉండేదెవరు?